మౌన ధ్యాన ప్రార్థన, మార్మిక ధోరణులు: వాక్యానుసారమైన హద్దు ఎక్కడ?

వాక్యాన్వేషి:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో స్త్రీల వాక్య పఠన బృందాన్ని నడిపించే బాధ్యత నాది. ఈసారి ఉపవాస కూటానికి బదులు రెండు రోజుల మౌన ధ్యాన శిబిరం పెడదామని బృందంలో కొందరు ప్రతిపాదించి, దాని పద్ధతి రాసిన కరపత్రం నాకు ఇచ్చారు. ఒక పవిత్ర పదాన్ని ఎన్నుకొని, కళ్లు మూసుకొని ఇరవై నిమిషాలు కూర్చోవాలట. మనసులోకి ఏ ఆలోచన వచ్చినా, అది వాక్యానికి సంబంధించినదైనా సరే, ప్రార్థనా మనవి అయినా సరే, దానిని పట్టుకోకుండా మెల్లగా ఆ పదం వైపు మళ్లాలట. ఆధారంగా "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న 46వ కీర్తన వచనాన్ని ముద్రించారు.

మౌనంగా ప్రార్థించడంలో నాకు అభ్యంతరం లేదు. వాక్యం గుర్తుకు వచ్చినా వదిలేయమన్న చోటనే నాకు మనసు ఒప్పడం లేదు. ఇది సంఘ చరిత్రలో మొదటి నుంచీ ఉన్న ప్రార్థనా విధానమేనా, లేక కొత్తగా వచ్చి చేరిన మార్మిక ధోరణా, అంటే దేవునితో నేరుగా ఐక్యమయ్యే అనుభవాన్ని వెదికే ధోరణా? తెలిసినవారు ఆవేశం లేకుండా వివరించగలరని కోరుతున్నాను.

బెరయవాసి:
సహోదరీ, మీ మనసు ఒప్పకపోవడం సరైనదే. ముందుగా ఆ వచనాన్ని దాని సందర్భంలో చూడండి. 46వ కీర్తనలో జనములు ఘోషిస్తున్నాయి, రాజ్యములు కదులుతున్నాయి, దేవుడు విల్లు విరిచి, ఈటెను తెగనరికి, యుద్ధాలు మాన్పుతున్నాడు. "ఊరకుండుడి" అన్న ఆజ్ఞ ఆ కల్లోలం నడుమ, దేవుడే దేవుడని ఒప్పుకొమ్మని చెప్పిన ఆజ్ఞ. ఇరవై నిమిషాలు ఆలోచనలను విడిచిపెట్టే అభ్యాసానికి దానిని ఆధారంగా చూపడం వాక్యానికి చేసే అన్యాయం.

ఇక ఆ కరపత్రంలోని పద్ధతి పేరు సెంటరింగ్ ప్రేయర్. 1970లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్పెన్సర్ అనే చోట ఉన్న ట్రాపిస్టు (కఠిన నియమాలు పాటించే కతోలిక సన్యాసుల) మఠంలో విలియం మెనింజర్, బాసిల్ పెన్నింగ్టన్, థామస్ కీటింగ్ అనే సన్యాసులు దీనికి రూపం ఇచ్చారు. దీనికి దగ్గరగా ఉన్న మరో పద్ధతిని ప్రచారం చేసిన బెనెడిక్టీయ సన్యాసి జాన్ మెయిన్, మఠంలో చేరకముందు, 1950లలో మలయాలో ఒక హిందూ స్వామి వద్ద జప విధానాన్ని నేర్చుకొని, తరువాత "మారనాథా" (ప్రభువా, రమ్ము) అన్న మాటను అందులో ఉంచారు. దీనిని దాచలేదు, ఆయనే చెప్పుకొన్నారు. మాట మారినంత మాత్రాన పద్ధతి మారుతుందా? "అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని ప్రభువు మత్తయి 6:7లో స్పష్టంగా చెప్పాడు. దేవునికీ నరులకూ మధ్యవర్తి క్రీస్తు యేసు ఒక్కడే అయినప్పుడు, ఆయన సన్నిధికి చేర్చే ఉపాయంగా మరో సాధనను నిలబెట్టడం నాకు చాలా పెద్ద దోషంగా కనిపిస్తున్నది.

నిశ్శబ్ద సాధకుడు:
నేను ఈ విధంగా కొన్నేళ్లుగా ప్రార్థిస్తున్నవాడిని కాబట్టి మరో వైపు కూడా వినిపించడం న్యాయమనుకుంటాను.

ఒకే మాటను మళ్లీ చెప్పడమే తప్పయితే, 136వ కీర్తన ప్రతి వచనంలోనూ "ఆయన కృప నిరంతరముండును" అని ఎందుకు పలుకుతుంది? గెత్సేమనేలో ప్రభువు "ఆ మాటలే చెప్పుచు" మూడవసారి ప్రార్థించాడని మత్తయి సువార్తలోనే ఉంది కదా? ప్రభువు గద్దించినది ఎక్కువ మాటలతో దేవుణ్ణి ఒప్పించవచ్చన్న నమ్మకాన్ని. సెంటరింగ్ ప్రేయర్‌లోని పదం అందుకోసం కాదు. దేవుడు నాలో చేసే పనికి నేను సమ్మతిస్తున్నానని తెలిపే గుర్తుగా మాత్రమే కీటింగ్ దానిని వివరించారు. దానిని గంటల తరబడి జపించమని ఎవరూ చెప్పరు. మనసు చెదిరినప్పుడు మాత్రమే దాని వైపు మళ్లుతాము.

మూలం ఎక్కడిదన్న వాదం గురించి కూడా ఒక మాట. ఈ ముగ్గురు సన్యాసులు ఆధారం చేసుకున్నది 14వ శతాబ్దపు ఇంగ్లండులో పేరు తెలియని ఒక రచయిత రాసిన 'ద క్లౌడ్ ఆఫ్ అన్‌నోయింగ్' అన్న గ్రంథాన్ని. ఆయన ఏ స్వామి దగ్గరా నేర్చుకోలేదు. "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" ఆత్మ మన పక్షంగా విజ్ఞాపనం చేస్తాడని పౌలు చెప్పినప్పుడు, మాటలు ఆగిపోయిన చోట కూడా ప్రార్థన ఉంటుందని ఒప్పుకోవలసినదే.

సంఘచరిత్ర విద్యార్థి:
ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ ఆ పాత గ్రంథం ఇక్కడ కనిపిస్తున్నంత సులభమైనది కాదని నా అభిప్రాయం.

'క్లౌడ్' రచయిత నిజంగానే చిన్న పదాన్ని ఎన్నుకోమంటాడు, "దేవుడు" లేక "ప్రేమ" వంటిది. ఆలోచనలన్నిటినీ ఒక మరపు మేఘం కిందికి తోసివేయమంటాడు. అయితే ముందుమాటలోనే, ఈ పుస్తకాన్ని అందరికీ చదివి వినిపించవద్దనీ, క్రీస్తును సంపూర్ణంగా వెంబడించాలని నిశ్చయించుకొని, అంతకుముందు క్రియాశీలమైన భక్తి జీవితంలో చాలాకాలం నడిచినవారికే ఇవ్వమనీ గట్టిగా హెచ్చరిస్తాడు. పాపపు ఒప్పుకోలు, లేఖన పఠనం, ధ్యానం, ప్రార్థన ఇవన్నీ అప్పటికే ఆ పాఠకుని జీవితంలో ఉన్నాయని భావించి రాసిన పుస్తకమది. వాటిలో ఏదీ లేనివారి చేతికి, రెండు రోజుల శిబిరంలో, ఒక్క కాగితం మీద కుదించి ఇచ్చినప్పుడు అది అదే బోధగా మిగులుతుందా అన్నది నా అనుమానం.

ఆ రచయిత 53వ అధ్యాయంలో కపట ధ్యానుల గురించి రాసిన భాగం చదివితే నవ్వు ఆపుకోవడం కష్టం. కొందరు తలమీద దెబ్బ తిన్న గొర్రెల్లా కళ్లు నిలిపి చూస్తారట. కొందరు చెవిలో పురుగు దూరినట్టు తలను ఒక పక్కకు వాల్చుకుంటారట. కొందరు మాట్లాడవలసిన చోట కీచుమని సన్నని గొంతు పెడతారట. ఆత్మ సంబంధమైన దానిని శరీరంతో తెచ్చిపెట్టుకోబోతే మనిషి ఏమవుతాడో ఆయనకు బాగా తెలుసు. దీనిని బట్టి, అనుభవాన్ని తయారు చేసుకోవాలన్న తపనను మొదట అనుమానించినవారు 16వ శతాబ్దంలో ప్రొటెస్టంటు సంఘాలకు దారి తీసిన సంస్కరణోద్యమం వారే అనుకోవడం సరికాదని తెలుస్తుంది.

అయినా సంస్కర్తల అనుమానం వేరే స్థాయిది. ఆరవ శతాబ్దం ప్రాంతంలో రాసి, అపొస్తలుల కార్యములు 17లో కనిపించే దియొనూసి పేరుతో చెలామణి అయిన గ్రంథాల ప్రభావం మధ్యయుగపు మార్మిక రచనలలో చాలావాటి మీద ఉంది. వాటి రచయితలో క్రైస్తవం కంటె ప్లేటో తత్వమే ఎక్కువని 1520లో మార్టిన్ లూథర్ విమర్శించాడు. అదే లూథర్ 1518లో 'థియొలోజియా జర్మానికా' అనే మార్మిక గ్రంథాన్ని అచ్చు వేయించి, బైబిలు, అగస్టీను తరువాత దేవుని గురించీ మనిషి గురించీ ఇంతగా నేర్పిన పుస్తకం తనకు మరొకటి ఎదురుపడలేదని ముందుమాటలో రాశాడు. రెంటినీ కలిపి చూస్తే అతని గీత ఎక్కడుందో కనిపిస్తుంది. నిశ్శబ్దానికో, అంతరంగ జీవితానికో అతడు వ్యతిరేకి కాదు. సిలువ వేయబడిన క్రీస్తును దాటుకొని, మేఘాల్లోకి నేరుగా ఎక్కిపోయే మెట్లున్నాయన్న ఊహనే అతడు నిరాకరించాడు.

మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీది కూడా ఇలాంటి కథే. మార్మికుల రచనలనే బండకు తగిలి తన విశ్వాస నౌక దాదాపు బద్దలయ్యేదని 1736లో అన్న శామ్యూలుకు ఉత్తరం రాశాడు. తరువాతి కాలంలో తన అనుచరుల కోసం కూర్చిన గ్రంథమాలలో ఆ మార్మికులలోనే కొందరి రచనలను కత్తిరించి, సంక్షిప్తం చేసి చేర్చాడు.

బెరయవాసి:
కత్తిరించి చేర్చాడు అన్న చోటనే నా వాదం ఉంది. వెస్లీ చేతిలో కత్తెర ఉంది. ఈనాటి శిబిరాల్లో కత్తెర ఎవరి చేతిలో ఉంది?

కతోలిక సహోదరి:
మీ సంఘాలకు బయటిదాన్ని, అయినా మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. మార్మిక ప్రార్థన అంటే కతోలికులు కళ్లు మూసుకొని ఒప్పుకుంటారనీ, ప్రశ్నలన్నీ మీ వైపు నుంచే వస్తాయనీ ఒక భావన ఇలాంటి చర్చలలో తరచు కనిపిస్తుంది. శ్రీసభ (కతోలిక సంఘం) చరిత్ర తెలిసినవారు అలా అనరు.

1687లో పోపు 11వ ఇన్నోసెంటు, మిగెల్ దె మోలినోస్ అనే స్పానిష్ గురువు బోధ నుంచి 68 ప్రతిపాదనలను తీసి ఖండించారు. ఆయన 'ఆధ్యాత్మిక మార్గదర్శి' 1675లో వెలువడినప్పుడు గొప్ప పేరు తెచ్చుకున్న పుస్తకమే. ఆత్మ పూర్తిగా నిష్క్రియగా ఉండాలి, తానుగా ఏమీ కోరకూడదు, ఏమీ చేయకూడదు అన్న బోధ చివరికి శోధనను ఎదిరించనక్కరలేదన్న దగ్గరికి చేరింది. సమస్య నిశ్శబ్దంగా కూర్చోవడంలో లేదు. మనిషి చిత్తం చేతులు ముడుచుకొని కూర్చోవడాన్నే పరిశుద్ధతగా బోధించడంలో ఉంది.

మా కాలానికి వస్తే, 1989 అక్టోబరు 15న, వాటికన్‌లో బోధను పర్యవేక్షించే విశ్వాస సిద్ధాంత సభ క్రైస్తవ ధ్యానం గురించి బిషప్పులందరికీ ఒక లేఖ పంపింది. అప్పటి అధ్యక్షులు కార్డినల్ రాట్జింగర్ సంతకం చేశారు. యోగ, జెన్, అతీంద్రియ ధ్యానం వంటి పద్ధతుల పేర్లు అందులో ఉన్నాయి. ఇతర మతాలలో ఉన్నంత మాత్రాన దేనినీ ముందుగానే తోసిపుచ్చకూడదని ఆ లేఖే చెబుతుంది. అదే సమయంలో, శరీరం విశ్రాంతి పొందినప్పుడు కలిగే హాయిని పరిశుద్ధాత్మ ఆదరణగా పొరబడటం ప్రమాదమనీ, నడవడి మారకుండా అలాంటి అనుభూతులకు మార్మిక విలువ ఇస్తే మనసు దెబ్బతినవచ్చుననీ హెచ్చరిస్తుంది. కృపను, దాని అనుభూతిని ఒకటిగా కలిపేసిన పాత కాలపు మెస్సలీయుల దోషాన్ని కూడా గుర్తు చేస్తుంది. ఆ బోధను 431లో ఎఫెసు మహాసభ ఖండించింది. కాబట్టి మీరు అడుగుతున్న ప్రశ్న చాలా పాతది.

16వ శతాబ్దపు స్పానిష్ సన్యాసిని అవిలాపురి తెరేసమ్మ గారి 'అంతరంగ భవనం' (1577) చదివినవారు ఇంత ఉన్నత మార్మిక అనుభవం గల స్త్రీ ఎంత నిర్మొహమాటంగా ఉంటారో చూసి ఆశ్చర్యపోతారు. ఎనిమిది గంటల సేపు పరవశంలో ఉండిపోయే ఒకామె సంగతి నాలుగవ నివాసంలో (ఆ పుస్తకంలోని భాగాలకు నివాసాలని పేరు) చెప్పి, అది దైవికం కాదు, బలహీనత అని తేల్చేస్తారు. ఆమెకు రాసిచ్చిన మందు కడుపునిండా తినడం, సరిగా నిద్రపోవడం, కఠోర ఉపవాసాలు తగ్గించడం. దేవుని ప్రేమిస్తున్నామా లేదా అన్నది మనకు ఖచ్చితంగా తెలియకపోవచ్చు గానీ పొరుగువారిని ప్రేమిస్తున్నామా లేదా అన్నది తెలుస్తుందని ఐదవ నివాసంలో రాశారు. అన్నిటికంటె ముఖ్యంగా, ఎంత ఎత్తుకు ఎదిగినా క్రీస్తు మానవత్వాన్ని దాటి పోవాలన్న బోధను ఆమె అంగీకరించలేదు.

ఆలోచన:
నేను మానసిక సలహా సేవల రంగంలో పనిచేస్తాను. సిద్ధాంత విషయం మీరు చూసుకుంటారు, ఆచరణకు సంబంధించి ఒక్క విషయం చెబుతాను. మౌనం అందరి మీదా ఒకేలా పనిచేయదు. కొందరికి అది విశ్రాంతి. గతంలో హింసకు గురైనవారికి, తీవ్రమైన కుంగుబాటుతోనో ఆందోళనతోనో బాధపడుతున్నవారికి, మతి భ్రమ లక్షణాలు గలవారికి గంటల తరబడి మాటలు లేకుండా కూర్చోవడం పాత గాయాలను ఒక్కసారిగా పైకి తెచ్చే అవకాశం ఉంది. శిబిరం నడిపేవారు వచ్చేవారిని ముందుగా విడిగా పలకరించి, ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చునని నోటితో చెప్పాలి. ఎవరైనా కలత చెందితే అది దురాత్మ అనీ, లేక ఆత్మీయ ఎదుగుదలలో భాగమేననీ అక్కడికక్కడే తేల్చకుండా, అవసరమైతే వైద్యుల వద్దకు పంపే వివేకం ఉండాలి. ఈ జాగ్రత్త ఉపవాస కూటాలకు కూడా వర్తిస్తుంది.

నిర్వాహకుడు:
గత సందేశాల మధ్య వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. ఒక పద్ధతిని దయ్యపు బోధ అని పిలవదలచినవారు వాక్యాధారం చూపి పిలవండి. ఆ పద్ధతిలో ప్రార్థించే సభ్యుణ్ణి అలా పిలవడం ఇక్కడ కుదరదు. చర్చ కొనసాగించండి.

వాక్యాన్వేషి:
అందరికీ కృతజ్ఞతలు. చరిత్ర విద్యార్థి గారూ, లూథర్ నిశ్శబ్దానికి వ్యతిరేకి కాదని రాశారు. అతడు బోధించిన విధానం ఏదైనా ఉంటే చెప్పగలరా? మా బృందానికి "ఇది వద్దు" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. వారికి నిజంగా ఆకలి ఉంది. గలగలా అరగంట మనవులు చెప్పి ఆమేన్ అనడంతో తృప్తి లేదని వారు అంటున్నప్పుడు, అది తప్పుడు ఆకలి అని నేను అనలేను.

సంఘచరిత్ర విద్యార్థి:
ఉంది, అదీ చాలా చక్కగా ఉంది. 1535లో లూథర్ తన మంగలి పేతురు అడిగినందుకు, ప్రార్థించడం ఎలాగో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. మంగలి కాబట్టి అతనికి అర్థమయ్యే పోలికే తెచ్చాడు: కత్తి మీద, గడ్డం మీద చూపు నిలపకుండా కబుర్లు చెబుతూ దిక్కులు చూసే మంగలి ముక్కునో గొంతునో కోస్తాడు, ప్రార్థనకు కూడా అంతటి ఏకాగ్రత కావాలి అంటాడు.

విధానం ఇది. పరలోక ప్రార్థనలో ఒక మనవినో, పది ఆజ్ఞలలో ఒకదానినో తీసుకోవాలి. దానిని నాలుగు పోగుల దండగా అల్లాలి: ఇందులో దేవుడు నాకు ఏమి బోధిస్తున్నాడు, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏ పాపాన్ని ఒప్పుకోవాలి, ఏమి అడగాలి. ఇంతవరకు అంతా మాటలే. తరువాత అతడు చెప్పినదే మన చర్చకు ముఖ్యం. అలా సాగుతుండగా మంచి తలంపులు సమృద్ధిగా వస్తే, మిగతా మనవులను వదిలేసి, వాటికి చోటిచ్చి, నిశ్శబ్దంగా వినాలి. అప్పుడు ప్రసంగిస్తున్నది పరిశుద్ధాత్ముడే, ఆయనకు ఏ విధంగానూ అడ్డు రాకూడదు అంటాడు.

మీకు అందిన కరపత్రంతో దీనిని పోల్చి చూడండి. రెంటిలోనూ నిశ్శబ్దం ఉంది. కరపత్రంలో వాక్యపు తలంపు వస్తే వదిలేయాలి, లూథర్ దగ్గర వాక్యపు తలంపు వచ్చినందుకే నిశ్శబ్దమవ్వాలి. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. 12వ శతాబ్దంలో కార్థూసియన్ సన్యాసి రెండవ గీగో చెప్పిన నాలుగు మెట్లు కూడా పఠనంతోనే మొదలవుతాయి: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తరువాతనే నిశ్చల దర్శనం. ఆ చివరి మెట్టు దేవుడు ఇస్తే కలిగేది, మనం గడియారం పెట్టుకొని తెచ్చుకునేది కాదు.

నిశ్శబ్ద సాధకుడు:
ఈ పోలిక ఆలోచింపజేసేదే, ఒప్పుకుంటాను. అయితే నేను ఉదయం వాక్యం చదివి, ధ్యానించి, మనవులు చేసిన తరువాతనే మౌనంలో కూర్చుంటాను. ఆ ఇరవై నిమిషాల్లో వాక్యపు తలంపును విడిచినంత మాత్రాన వాక్యాన్ని విడిచినట్టు కాదు. పక్కన కూర్చున్న తండ్రి నిన్న రాసిన ఉత్తరాన్ని చదువుతూ కూర్చోకుండా ఆయన వైపు చూడటం తప్పా?

బెరయవాసి:
తండ్రి ఎవరో ఆ ఉత్తరం ద్వారానే నాకు తెలిసినప్పుడు, ఉత్తరం పక్కన పెట్టి నేను చూసేది తండ్రినే అని ఎలా తెలుస్తుంది? "ప్రతి ఆత్మను నమ్మక" పరీక్షించమన్న యోహాను మాట మాటలు లేని స్థితికి ఎలా వర్తిస్తుందో చెప్పండి. పరీక్షించడానికి అక్కడ ఏమీ మిగలదు కదా?

ఇంకొక సంగతి. దేవునితో ఐక్యత అన్న మాట ఈ రచనలలో ఎక్కడికి దారి తీస్తుందో చూడాలి. జర్మన్ మార్మిక బోధకుడు మైస్టర్ ఎకార్ట్ బోధలోని 28 ప్రతిపాదనలను 1329లో పోపు 22వ యోహాను ఖండించినది ఊరికే కాదు. సృష్టికర్తకూ సృష్టికీ మధ్య గీత చెరిగిపోతే అది క్రైస్తవ్యం కానే కాదు.

సంఘచరిత్ర విద్యార్థి:
ఆ గీతను కాపాడుకుంటూనే ఐక్యతను బోధించిన సంప్రదాయం కూడా ఉంది, దానిని మరచిపోకూడదు. 14వ శతాబ్దంలో గ్రీసులోని ఆథోస్ పర్వతపు సన్యాసులు "ప్రభువైన యేసు క్రీస్తూ, పాపినైన నన్ను కరుణించు" అన్న ప్రార్థనను శ్వాసతో కలిపి చేసేవారు. బర్లాము అనే పండితుడు వారిని బొడ్డులో ఆత్మను వెదికేవారని వెక్కిరించాడు. గ్రెగొరీ పలమాస్ వారి పక్షాన నిలిచి, దేవుని స్వభావ సారం మనిషికి ఎన్నటికీ అందదనీ, ఆయన క్రియాశక్తులలో మాత్రం మనిషి నిజంగా పాలు పొందుతాడనీ వాదించాడు. 1341లోనూ, 1351లోనూ కాన్‌స్టాంటినోపుల్ సభలు ఆయనను సమర్థించాయి. ఆ వివరణను మనం అంగీకరించాలా లేదా అన్నది వేరు. అయితే ఆ ప్రార్థనలో యేసు నామం ఉంది, పాపి ఉన్నాడు, కరుణ కోసం అర్థింపు ఉంది. దేవాలయంలో రొమ్ము కొట్టుకున్న సుంకరి మాటలకు అది చాలా దగ్గర. మనకు నచ్చిన ఏ పదమైనా సరిపోతుంది, దాని అర్థంతో పనిలేదు అనే పద్ధతితో దీనిని ఒకే గాటన కట్టలేము.

వాక్యాన్వేషి:
పెద్దలతో మాట్లాడి, శిబిరాన్ని రద్దు చేయకుండా రూపం మార్చమని అడగాలని నిర్ణయించుకున్నాను. లూకా 18లోని సుంకరి ఉపమానాన్ని బిగ్గరగా చదువుకొని, లూథర్ చెప్పిన నాలుగు పోగుల ప్రకారం ధ్యానించి, ఆ తరువాత ఎవరి చోట వారు కొద్దిసేపు మౌనంగా ఉంటారు. ఆలోచన గారు చెప్పినట్టు రాబోయేవారితో ముందుగా విడిగా మాట్లాడతాను. ఒక్క సందేహం మిగిలింది. మౌనం తరువాత ఎవరైనా లేచి "దేవుడు నాతో ఇలా చెప్పాడు" అని ప్రకటిస్తే ఏమి చేయాలి? మా బృందంలో అది తప్పకుండా జరుగుతుంది.

కతోలిక సహోదరి:
దీనికి 16వ శతాబ్దపు స్పానిష్ సన్యాసి సిలువ యోహాను గారు ఇచ్చిన జవాబు మీకు ఉపయోగపడుతుంది. మార్మికులలో ఆయనను మించినవారు అరుదు కనుక ఆ మాటకు బరువు ఎక్కువ. 'కర్మెలు పర్వతారోహణం' రెండవ భాగం 22వ అధ్యాయంలో ఆయన ఇలా వాదిస్తారు: దేవుడు తన కుమారునిలో చెప్పవలసినదంతా ఒక్కసారే చెప్పేశాడు, ఆయన వద్ద మరో మాట మిగలలేదు. ఇప్పుడు ఎవరైనా దర్శనమో ప్రత్యేక సందేశమో కోరితే, క్రీస్తు మీద నుంచి చూపు తిప్పుకొని దేవుణ్ణి అవమానించినట్టే. అదే పుస్తకం 29వ అధ్యాయంలో, నిశ్శబ్దంలో తమకు తోచిన మాటలను "దేవుడు నాతో అన్నాడు" అని చెప్పుకొనేవారిని చూసి భయం వేస్తుందనీ, ఎక్కువసార్లు అది వారు తమతో తామే చెప్పుకొన్న మాటేననీ రాశారు.

కాబట్టి ఆ సమయంలో సాక్ష్యాలకు బదులు ఒక్క ప్రశ్న అడగండి: చదివిన భాగంలో ఏ మాట మీ మనసును పట్టుకుంది? జవాబు లేఖన భాగం నుంచే రావాలి. అంతకు మించి వ్యక్తిగతంగా చెప్పుకోవలసినది ఉంటే కాపరితో విడిగా మాట్లాడుకోవచ్చు. పదిమంది ముందు ప్రకటించిన సందేశాన్ని తరువాత వెనక్కి తీసుకోవడం చెప్పినవారికే కష్టమవుతుంది.

బెరయవాసి:
ఈ ప్రశ్న బాగుంది, మా బృందంలో కూడా వాడుకుంటాను. ఆ 22వ అధ్యాయాన్ని తెప్పించుకొని చదువుతాను. సెంటరింగ్ ప్రేయర్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. సాధకుడు గారూ, నా ప్రశ్నకు మీ జవాబు ఇంకా రాలేదు.

నిశ్శబ్ద సాధకుడు:
రాస్తాను. మాటలు లేని స్థితిని లోపలి నుంచి పరీక్షించలేము అన్న మీ మాట నిజమే. దాని ఫలాన్ని మాత్రం బయటి నుంచి పరీక్షించవచ్చు, అది నా భార్యనూ, నాతో పనిచేసేవారినీ అడగవలసిన విషయం. ఫలం చాలదు, వేరు కూడా చూడాలి అని మీరు అంటారని తెలుసు. వేరు గురించి గలతీయులకు 2:20 ఆధారంగా విడిగా ఒక చర్చ మొదలుపెడతాను, అక్కడికి రండి.